శరణు కోరినవాడు, సరిహద్దు దాటినవాడు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడు ఈ సభలో మనం పిల్లల ఫీజుల గురించి, ఖబరస్తాన్ గోడ గురించి, బీదింటి నికాహ్‌ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కమిటీ వారు మాకు అప్పగించిన విషయం వేరు. బర్మా దేశం విడిచి వచ్చిన రోహింగ్యాల గురించి దేశంలో జరుగుతున్న వాదోపవాదాలను నాలుగు మాటల్లో విడమరచి చెప్పమన్నారు. ఇది ఢిల్లీ సంగతి, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చును. కాని కల్వకుర్తి నుంచి పట్నం పోయే బస్సు ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ దాటి పహాడీ షరీఫ్ చేరుతుంది గదా! ఆ చుట్టుపక్కలనే, బాలాపూర్ వైపు, తడకలు, ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెల్లో ఈ జనం 2012 ప్రాంతం నుంచి బ్రతుకుతున్నారు. చిత్తు కాగితాలు ఏరుకొని, కూలీ నాలీ చేసుకొని పొట్ట పోసుకుంటున్నారు. కనుక ఇది దూరపు ముచ్చట కాదు. మన రోడ్డు మీది ముచ్చటే.

ముందుగా వీరెవరో తెలుసుకుందాం. బర్మాలో అరకాన్ అనే తీరప్రాంతం ఉన్నది. ఇప్పుడు దానిని రఖైన్ అంటారు. రోహింగ్యాలు తరతరాలుగా అక్కడివారు. 1982లో అక్కడి సైనిక ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టంతో వీరికి పుట్టిన గడ్డ మీదనే పౌరసత్వం లేకుండా పోయింది. 2012లో అల్లర్లు జరిగినవి. 2017 ఆగస్టులో సైన్యం ఊళ్లకు ఊళ్లు తగులబెట్టగా, కొన్ని నెలల్లోనే ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందు నుంచే కొన్ని వేలమంది బంగ్లాదేశ్ మీదుగా మన సరిహద్దు దాటి జమ్మూ, ఢిల్లీ, హైదరాబాద్ చేరారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వారు విచారించి చాలామందికి కార్డులు ఇచ్చారు. కాని ఆ కార్డు మన సర్కారును కట్టిపడేసే కాగితం కాదు.

ఇక్కడనే వాదన మొదలవుతుంది. ఒక పక్షం వారు ఏమంటారు? దేశమన్న తరువాత సరిహద్దు ఉండవలె. అనుమతి లేకుండా వచ్చినవాడు ఎవరైనా అక్రమంగా వచ్చినవాడే. మన బీదలకే బియ్యం, ఇండ్లు చాలకపోతుంటే పరాయివారిని ఎట్లా పోషిస్తాం? వచ్చిన వారిలో చెడ్డవాడు లేడని హామీ ఎవరు ఇస్తారు? 2017లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 40 వేలమంది రోహింగ్యాలు ఉన్నారనే అంచనా చెప్పి, వారందరిని పంపించివేయాలన్నది. 2018 అక్టోబరులో ఏడుగురిని మణిపూర్ సరిహద్దు దగ్గర బర్మాకు అప్పగించినారు కూడా.

రెండవ పక్షం వారనేది వేరు. తెలిసి తెలిసి మనిషిని చావు ముందుకు నెట్టరాదు. మన రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణను పౌరునికి మాత్రమే ఇవ్వలేదు, "వ్యక్తి"కి ఇచ్చింది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా కాందిశీకుల కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే తేల్చింది. 1959లో టిబెట్ వారికి, 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కోటి మందికి, 1983 తరువాత సిలోన్ తమిళులకు నీడ ఇచ్చిన దేశం ఇది. మరి వీరి విషయంలో వేరే కొలత ఎందుకు అని వారి ప్రశ్న.

పంచాయితీ ఇట్లా ఉండగా 2022 ఆగస్టులో ఒక చిత్రం జరిగింది. రోహింగ్యాలను ఢిల్లీలో సర్కారీ ఫ్లాట్లలోకి మారుస్తామని ఒక కేంద్రమంత్రి ప్రకటించగా, అదే రోజు హోంశాఖ వారు అట్లాంటిదేమీ లేదని ఖండించారు. ఒకే సర్కారులో రెండు మాటలు! దీనికి కారణం ఉన్నది. శరణార్థుల విషయమై 1951లో జరిగిన ప్రపంచ ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు. 2015లో పార్లమెంటు సభ్యులు శశి థరూర్ గారు ఒక బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. 2025లో పాత విదేశీయుల చట్టాన్ని తీసివేసి కొత్త చట్టం తెచ్చారు. అందులోను శరణు కోరినవాని దరఖాస్తు వినే పద్ధతి పెట్టలేదు. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చినవాడు, దొంగ సరుకుతో వచ్చినవాడు చట్టం ముందు ఒకే వరుసలో నిలబడుతున్నారు.

కోర్టు కూడా మధ్యేమార్గంలో నడుస్తున్నది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, జమ్మూలోని వారిని పద్ధతి ప్రకారమే తప్ప పంపరాదన్నది. అదే తీర్పులో, ఈ దేశంలో నివసించే హక్కు మాత్రం పౌరులదే అన్నది. 2025 జులైలో, వీరు శరణార్థులా, అక్రమంగా వచ్చినవారా అన్నదే మొదట తేలవలసిన ప్రశ్న అని చెప్పింది. సోదరులారా, మొత్తం వాదన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది.

కాగితం లేని బ్రతుకంటే ఏమిటో మన జిల్లాకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టినవారే. తరువాత మనవాళ్లు కొందరు దుబాయి, కువైట్, సౌదీలు పోయారు. ఏజెంటు ఆజాద్ వీసా అని చెప్పి మోసగిస్తే, కఫీల్ పాస్‌పోర్టు గుంజుకుంటే, బయటపడి దాక్కొని పని చేసినవారిని అక్కడ "ఖల్లివల్లి" అన్నారు. 2018లో కువైట్, దుబాయి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటిస్తే మనవాళ్లు ఔట్‌పాస్ తీసుకొని ఇండ్లకు చేరారు. వారిని దొంగలని మనం అనలేదు, బాధితులన్నాం.

అయితే ఒక భేదం గుర్తు పెట్టుకోవలె. మన ఖల్లివల్లికి కాగితం లేదు గాని దేశం ఉన్నది. రాయబార కార్యాలయం ఉన్నది. దిగడానికి శంషాబాద్ ఉన్నది, ఎదురుచూసే తల్లి ఉన్నది. రోహింగ్యాకు కాగితమూ లేదు, దేశమూ లేదు. మొదటివానిని ఇంటికి పంపిస్తే వాడు ఇంటికి పోతాడు. రెండవవానిని ఎక్కడికి పంపవలె? ఈ భేదం చూడకుండా "అందరూ అక్రమమే" అనడం న్యాయం కాదు. అట్లాగే "వచ్చిన ప్రతివాడూ శరణార్థే" అనడమూ సరి కాదు. ఒక్కొక్కరిని పిలిచి విని, నిజం తేల్చే ఏర్పాటు ఉండవలె. మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఈ మాట మన దీన్‌కు కొత్త కాదు. మక్కాలో బాధలు పడలేక తొలి ముస్లింలు సముద్రం దాటి హబ్షా దేశం పోయారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. ఖురైష్ పెద్దలు కానుకలతో మనుషులను పంపి, వీళ్లు మా ఊరు విడిచి పారిపోయినవాళ్లు, మాకు అప్పగించండి అన్నారు. రాజు కానుకలు చూసి తీర్పు చెప్పలేదు. ముందు వారి మాట వింటానన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) లేచి తమ కథ చెప్పగా విని, అప్పగించనన్నాడు. పరాయి మతం రాజు పెట్టిన భిక్ష అది. కనుక శరణు విషయంలో మతం చూడడం మనకు తగదు. బర్మా నుంచి ఒక హిందువు వచ్చినా, ఒక క్రైస్తవుడు వచ్చినా మనం ఇదే మాట చెప్పవలె. 1942లో జపాన్ వారు రంగూన్ మీద పడినప్పుడు లక్షలమంది భారతీయులు, అందులో మన తెలుగువారు, కాలినడకన బర్మా విడిచి వచ్చారు. వారిలో చాలామంది నడిచింది ఆ అరకాన్ మీదుగానే!

మరి మనం చేయవలసినదేమిటి? మొదటిది, ఎవరికీ దొంగ ఆధార్‌గాని, దొంగ ఓటరు కార్డుగాని చేయించిపెట్టరాదు. జాలితో చేసినా అది నేరమే. పట్టుబడిన నాడు వాడు జైలుకు పోతాడు, నిజమైన కష్టంలో ఉన్న మిగతావారి మాట కూడా ఎవరూ నమ్మరు. రెండవది, విదేశీయునికి ఇల్లు కిరాయికి ఇస్తే పోలీసు వారికి తెలియజేయవలె. దాచిపెట్టడం సాయం కాదు. మూడవది, పిల్లల చదువు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఈ పిల్లలు సర్కారీ బడికి పోయి అడగవచ్చునని, కాదంటే హైకోర్టుకు పోవచ్చునని చెప్పింది. బడిలో కూర్చున్న పిల్లవాని వలన దేశానికి ప్రమాదం లేదు. నాలుగవది, జకాత్ ఖర్చు పెట్టవలసిన ఎనిమిది బాబతులలో దిక్కులేని బాటసారి ఒకడు. మన ఊరి వితంతువుల, అనాథల వాటా తగ్గించకుండా, దుప్పట్లో, మందులో లెక్కాపత్రం ఉన్న సంస్థ ద్వారా పంపుదాం.

చివరగా ఒక మాట. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ జనం పేరు వేదికల మీద మోగుతుంది. 2020లో హైదరాబాద్ బల్దియా ఎన్నికలప్పుడు చూశాం గదా! ఓట్లు లెక్క పెట్టినాక వారిని అడిగే దిక్కు ఉండదు. తమకు ఓటే లేనివాళ్లు ఎవరి ఓట్లకో మాటల మేత అవుతున్నారు. మనం ఆ కేకల్లో గొంతు కలపవద్దు. సరిహద్దును గౌరవిద్దాం, సరిహద్దు దాటి వచ్చినవాని మాట వినమని సర్కారును మర్యాదగా, చట్టబద్ధంగా కోరుదాం. ఇల్లు వాకిలి విడిచి వచ్చిన ప్రతి జీవికి అల్లాహ్ తిరిగి పోయే ఊరు ప్రసాదించుగాక! ఆమీన్.