రాబోయే పుస్తకాల కోసం ఎలా ఎదురుచూడాలి?

(యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



రాబోయే పుస్తకాల్లో దేనికోసం ఆశగా ఎదురుచూస్తున్నారో చెప్పమని మమ్మల్ని అడిగారు. కొత్త సినిమా ఎప్పుడొస్తుందని అడిగినట్టు కొత్త పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగే పిల్లలు మన సంఘాల్లో ఉన్నారంటే మాకు అంతకంటే సంతోషం ఏముంది? కాని ఓ పది పేర్లు చదివి కూర్చోవడానికి మేము రాలేదు. మేము అన్నిటికంటే ఎక్కువ ఆశపడుతున్న పుస్తకానికి ఇంకా పేరే పెట్టలేదు. దాన్ని రాయవలసినవాళ్ళలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ సంగతి వాళ్ళకింకా తెలియదు.

హబక్కూకు రెండో అధ్యాయం తీయండి. దేవుడు ప్రవక్తకు రెండు పనులు ఒక్కచోటే చెప్పాడు. దర్శనాన్ని పలకల మీద అందరికీ అర్థమయ్యేట్టు రాయమన్నాడు. అది నెరవేరడం ఆలస్యమైనా కనిపెట్టమన్నాడు. మన సంఘాల్లో కనిపెట్టడం గురించి బోధలు చాలా విన్నాం. రాయడం గురించి ఎన్ని విన్నాం? చేతులు కట్టుకుని ఎదురుచూడమని వాక్యం చెప్పలేదు. రాసి ఎదురుచూడమంది.

మన చేతిలో ఉన్న బైబిలు సంగతే చూడండి. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో కూర్చుని వాక్యాన్ని తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చు కాలేదు. రాతప్రతిగానే మిగిలిపోయింది. తరవాత సెరంపూరులో విలియం కేరీ, ఆయన తోటివాళ్ళు పని మొదలుపెట్టారు. 1812 మార్చి 11న వాళ్ళ ప్రెస్సు తగలబడింది. కాలిపోయినవాటిలో కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా ఉంది. ఆయన మళ్ళీ కూర్చుని రాశాడు. 1814లో వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన సెరంపూరులో అచ్చయ్యాయి. ఆదివారం ఉదయం మనం తెరిచే పుస్తకం వెనక అన్నేళ్ళ ఎదురుచూపు ఉంది. ఒకసారి బూడిదైనా ఆగని పని ఉంది.

ఇక మన గురించిన పుస్తకాల మాట. 1876–78 కరువు గురించి మీ తాతలనాటివాళ్ళు చెప్పే ఉంటారు. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు పని చూపించాడు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనందరికీ నోటికి వచ్చు. కాని ఆ జనం కథ పుస్తకంగా ఎప్పుడొచ్చింది? 1899లో, ఇంగ్లిషులో. రాసింది క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. సోషల్ గాస్పెల్ గురించి చదివినవాళ్ళకు వాల్టర్ రౌషెన్‌బుష్ పేరు తెలుసు. ఆయన అక్క ఈమె. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, మాదిగల జీవితాన్ని రాసింది. ఆ మేలు మనం మరచిపోకూడదు. అయినా చెప్పులు కుట్టినవాళ్ళది నోరు, రాసింది వేరేవాళ్ళ చెయ్యి, చదివింది వేరే దేశం. ఎవరి కథో వాళ్ళకు ఆ పుస్తకం అందలేదు.

మనవాళ్ళ చేతికి కలం రావడానికి ఇంకా కాలం పట్టింది. 1941లో జాషువా గారి ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో దేవుడికి కబురు పంపాడు. 2000లో జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ వచ్చింది. తరతరాల మాల మాదిగ పల్లెల జీవితం, కరువు, కాలువ పని దగ్గర కూడా వెంటాడిన అంటరానితనం, క్రైస్తవంలోకి రావడం, వచ్చాక కూడా తీరని బాధ అన్నీ అందులో ఉన్నాయి. ఆ నవల 2010లో ఇంగ్లిషులోకి కూడా వెళ్ళింది. ఇంకా చదవని వాళ్ళకు అది ఈ రోజుకీ రాబోయే పుస్తకమే. మీరు తెరిచిన రోజే అది మీకు విడుదలవుతుంది.

ఇప్పుడు మన వీధుల వైపు చూద్దాం. కోలారు బంగారు గనుల్లోకి దిగినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. ఆ కాలనీల్లో దొడ్లు ఎత్తినవాళ్ళలో మనవాళ్ళున్నారు. బెజవాడ విల్సన్ గారు 1966లో అక్కడే అలాంటి కుటుంబంలో పుట్టి, పాకీ పనిని ఈ దేశం నుంచి తుడిచెయ్యడానికే జీవితం ఇచ్చారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. 2001లో గనులు మూతపడ్డాయి. కాలనీలు మిగిలాయి. బెంగళూరు తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. చెన్నైలో చెత్త బండి వెనక నడిచేవాళ్ళ నోట మన భాషే వినిపిస్తుంది. ముంబయిలో కామాఠీపుర అన్న పేరే మన కూలీల వల్ల వచ్చింది. సోలాపూరు మగ్గాల దగ్గర, ఒడిశా పట్టణాల్లో, యానాం సందుల్లో మన ప్రార్థనలు లేస్తున్నాయి. ఈ వీధుల్లో పుట్టినవాళ్ళు తమ బతుకును తెలుగులో రాసిన పుస్తకాలు మా చేతికి వచ్చినవి చాలా తక్కువ. మేము కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నది ఆ పుస్తకం కోసమే.

పక్కింటివాళ్ళు రాసేశారు. మరాఠీలో దయా పవార్ ‘బలుతం’ 1978లో వచ్చింది. ఆ తరవాత బేబీ కాంబ్లే అనే అమ్మ తన జీవితం రాసింది. తమిళంలో బామ అనే దళిత క్రైస్తవ స్త్రీ 1992లో ‘కరుక్కు’ రాసింది. సంఘం లోపల కులం ఎలా బతుకుతుందో దాచకుండా చెప్పింది. కన్నడంలో సిద్ధలింగయ్య ‘ఊరు కేరి’ ఉంది. ఒడియాలో అఖిల నాయక్ ‘భేద’ ఉంది. గుంటూరు పిల్లకు ఈ పుస్తకాలు కావాలంటే ఎవరో అనువాదం చెయ్యాలి. మీకు ఆ అవసరం లేదు. మీరు బడిలో చదువుకున్న భాషలే అవి. ‘మాకు తెలుగు సరిగా రాదండీ’ అని మీలో చాలామంది తల దించుకుంటారు. తల ఎత్తండి. రెండు భాషల మధ్య పుట్టినవాళ్ళు మీరు. అటూ ఇటూ మోయగలిగింది మీరే.

మోసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాం. 1936లో అంబేద్కర్ గారు లాహోరు సభ కోసం కులనిర్మూలన మీద ప్రసంగం రాశారు. పిలిచినవాళ్ళే భయపడి సభ రద్దు చేసుకున్నారు. ఆయన సొంత డబ్బుతో దాన్ని అచ్చు వేయించారు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. 1937లో రెండో కూర్పుకు ముందుమాట రాస్తూ, గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చాయనీ మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం అనువాదాలు తయారవుతున్నాయనీ చెప్పారు. ఆ వరసలో తెలుగు లేదు. ఆ పుస్తకం తరవాత మన భాషలోకీ వచ్చింది. కాని రావలసిన రోజున రాలేదు.

మన పుస్తకం ఎందుకు ఆలస్యమవుతోంది? సోమరితనం అని తేల్చెయ్యకండి. భయం కూడా ఉంది. ఆ భయానికి కారణం ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాకు మతాన్ని ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను ఈ రోజుకీ చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ ముడి విప్పమని సిఫారసు చేసింది. విప్పలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో పుదుచ్చేరి స్త్రీ ఒకరి కేసులో, బాప్తిస్మం పొంది క్రైస్తవ విశ్వాసంలో నడుస్తూ ఎస్సీ హోదా అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. యానాం తమ్ముళ్ళారా, అది మీ ప్రాంతపు తీర్పే. దీనికి తోడు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వచ్చినవాళ్ళు 1950 నాటికే అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. మన తాతలకు కాగితాలెక్కడివి?

అందుకే మన ఇళ్ళలో ఒకే మనిషికి రెండు పేర్లుంటాయి. గుడిలో పిలిచేది ఒకటి, బడి రికార్డులో రాసింది ఇంకొకటి. ఉన్నది ఉన్నట్టు రాస్తే మనవరాలి సర్టిఫికెట్ పోతుందేమోనని ఒక నాయనమ్మ నోరు మూసుకుంటే, ఆమెను తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. నిజం చెప్పినందుకు శిక్ష వేసే చట్టం ఉన్నచోట ఆత్మకథలు ఎలా పుడతాయి? కాబట్టి ఆ ఉత్తర్వు మారాలని చేసే పోరాటం, ఆ పుస్తకం రావాలని చేసే ప్రార్థన ఒక్కటే. ఈలోగా రాసేవాళ్ళకు మేము చెప్పేది ఇదే: మనుషుల పేర్లు మార్చండి, వీధి పేరు మార్చండి, బాధను మాత్రం మార్చకండి. ఎవరి కథ అయినా వాళ్ళ అనుమతి లేకుండా బయట పెట్టకండి.

యిర్మీయా 36వ అధ్యాయం ఈ రాత్రి ఇంటికి వెళ్ళి చదవండి. ప్రవక్త చెబుతుంటే బారూకు పుస్తకపు చుట్టలో రాశాడు. యెహోయాకీము రాజు చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చుని, చదివిన కొద్దీ చాకుతో కోయించి నిప్పులో వేయించాడు. తరవాత ఏం జరిగింది? బారూకు ఇంకో చుట్ట తీసుకున్నాడు. పోయిన మాటలన్నీ మళ్ళీ రాశాడు. కొత్త మాటలు కూడా చేర్చాడు. రెండో కూర్పు మొదటిదానికంటే పెద్దదయింది! మన వీధుల్లో రాజు అక్కర్లేదు. ఒక ముసలమ్మ ప్రభువునందు నిద్రించినప్పుడల్లా ఒక చుట్ట కాలిపోతోంది. దానికి రెండో కూర్పు ఉండదు. యిర్మీయాలు మన ఇళ్ళలో మంచం పట్టి ఉన్నారు. బారూకులు కావాలి.

ఇక చెయ్యవలసిన పనులు చెబుతాం. పెద్దవేమీ కావు.

ఒకటి, అక్షరాలు. తమిళనాడులో 2006 చట్టం తరవాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మిగతాచోట్ల కూడా తెలుగు బడులు తగ్గుతున్నాయి. ఆరాధనలో తెలుగు పాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో తెర మీద వేస్తున్నాం. ఏ భాష మీదా మాకు కోపం లేదు. కాని ఆదివారపు బడిలో ఒక అరగంట తెలుగు చదవడం నేర్పితే ఒక ఏడాదిలో పిల్లలు సువార్త చదువుతారు. చదివేవాళ్ళు లేకుండా రాబోయే పుస్తకం ఎవరికోసం వస్తుంది?

రెండు, వినడం. మీ వీధిలో డెబ్భై దాటినవాళ్ళ పేర్లు రాసుకోండి. రిటైరైన పౌరకార్మికులు, గని పనివాళ్ళు, ఇంటింటికీ నడిచిన బైబిలు స్త్రీలు. ఫోనులో రికార్డు చెయ్యండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు తెచ్చారు, మొదటి జీతం ఎంత, ఏ బావిలో నీళ్ళు తోడనివ్వలేదు, ఏ పాట పాడుతూ నిద్రపోయేవాళ్ళు అని అడగండి. తరవాత వాళ్ళ మాటల్లోనే కాగితం మీద పెట్టండి. వాళ్ళ తెలుగును దిద్దకండి.

మూడు, డబ్బు. మన తెలుగులో ఇలాంటి పుస్తకం ఐదు వందలో వెయ్యో కాపీలు వేస్తారు. చాలాసార్లు రచయితే అప్పు చేసి వేసుకుంటాడు. ఆవిష్కరణ సభలో శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, టిఫిను తిని వచ్చేస్తాం. కట్టలు రచయిత మంచం కింద ఉండిపోతాయి. ప్రియులారా, ముందుగానే డబ్బు కట్టి ప్రతి చెప్పుకోండి. వంద మంది ముందే కడితే ప్రెస్సువాడికి అడ్వాన్సు అవుతుంది. పుట్టినరోజుకి, పెళ్ళికి పుస్తకం ఇవ్వండి. ప్రతి సంఘంలో ఒక బీరువా పెట్టండి. తాళం వెయ్యకండి.

నాలుగు, మోయడం. మీకొచ్చిన పక్క భాషలోనుంచి నెలకు రెండు పేజీలు తెలుగులోకి తెండి. అచ్చు వేయాలంటే రచయిత అనుమతి కావాలి. చదువుకుని పంచుకోవడంతో మొదలుపెట్టండి.

ఏ పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారని మళ్ళీ ఎవరైనా అడిగితే మా జవాబు ఇదే: ఊడ్చినవాళ్ళ మనవరాలు, తవ్వినవాళ్ళ మనవడు తమ పేరుతో రాసుకుని, ఆ పేరు రాసినందుకు ఏమీ పోగొట్టుకోని పుస్తకం. అది వస్తుంది. ఆలస్యమైనా వస్తుంది. దాని మొదటి పేజీ ఈ వారంలోనే మీ ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. కలం పట్టుకుని పక్కన కూర్చోండి.

ప్రభువు మీ చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమేన్.