సెట్టింగ్స్ మూతపడితే తాళాలు ఎవరి చేతికి?

(వైశాలి పరిసరాల్లో ఉంటున్న మన బ్యాంకు తెలుగు ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి కంప్యూటరు గురించి కాసేపు మాట్లాడమని నన్ను అడిగారు. నేను ఐటీ విభాగం మనిషిని కాను, రుణాల విభాగంలో పనిచేస్తున్నాను. అయినా ఒప్పుకున్నాను. మొన్న నవంబరులో మా ఇంట్లో జరిగింది ఇక్కడున్న ఎవరింట్లోనైనా జరగవచ్చు. అందులో తప్పు చాలావరకు నాదే కాబట్టి చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

మా మావయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక తెనాలి నుంచి మా దగ్గరికి, వైశాలికి వచ్చేశారు. ఇక్కడి హిందీ ఆయనకు అంతంతమాత్రం. కాబట్టి కంప్యూటరే ఆయనకు కాలక్షేపం. అత్తయ్యగారి ఫొటోలు, ఆవిడ పాడిన పాటల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. సాయంత్రం అయితే హైదరాబాద్‌లో ఉన్న మనవరాలికి వీడియో కాల్‌లో లెక్కలు చెప్పాలి. ఒకరోజు కెమెరా రాలేదు. కెమెరాకు అనుమతి ఇవ్వాలంటే విండోస్‌లో సెట్టింగ్స్ తెరవాలి. అది తెరుచుకున్నట్టే తెరుచుకుని, రెప్పపాటులో మూసుకుపోతోంది.

"అమ్మాయ్, ఇదేమిటో కాస్త చూస్తావా?" అని మూడు రోజులు అడిగారు. బ్రాంచిలో ఇన్‌స్పెక్షన్ నడుస్తోంది. "ఆదివారం చూస్తాను మావయ్యగారూ" అని మూడు రోజులూ అదే జవాబు చెప్పాను.

నాలుగో రోజు మెట్రోలో ఇంటికి వస్తున్నాను. లక్ష్మీనగర్ దాటాక ఆయన దగ్గర నుంచి ఫోను. "నా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఉన్న కవరు ఎక్కడ పెట్టావమ్మా? కంప్యూటరు బాగుచేసే అబ్బాయి పది రూపాయలు రిజిస్ట్రేషన్ కట్టమంటున్నాడు. లైన్లోనే ఉన్నాడు, హోల్డ్‌లో పెట్టాను" అన్నారు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయన ఇంటర్నెట్‌లో సహాయ కేంద్రం నంబరు వెతికి, పైన కనబడిన నంబరుకు ఫోన్ చేశారట. అవతలివాడు స్క్రీన్ పంచుకునే యాప్ ఒకటి వేయించాడు. మౌసు బాణం దానంతటదే కదులుతుంటే మావయ్యగారు మెచ్చుకుంటూ చూస్తున్నారు! వైశాలికి ఇంకా ఆరు స్టేషన్లుంది. "మావయ్యగారూ, ముందు గోడ దగ్గర రౌటర్ స్విచ్ ఆపేయండి. తరవాత ఆ ఫోను పెట్టేయండి. నేను వచ్చేదాకా కంప్యూటరు ముట్టుకోకండి" అన్నాను. కౌశాంబి వచ్చేలోపు మన బ్యాంకు హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఆయన నెట్ బ్యాంకింగ్ ఆపించాను. డబ్బు పోలేదు. కవరు నా బీరువాలో ఉండబట్టి పోలేదు, అంతే.

ఇలాంటి మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2022లో 'బి అవేర్' పుస్తకంలో వివరంగానే చెప్పింది. సెర్చిలో కనబడే దొంగ నంబర్లు, స్క్రీన్ పంచుకునే యాప్‌లు రెండూ అందులో ఉన్నాయి. ఆ విషయాలు బ్రాంచిలో ఖాతాదార్లకు నేనే చెప్పాను. ఇంట్లో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

సరే, ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాం. ముందుగా ఆ యాప్ తీసేశాం. నెట్ లేకుండానే వైరస్ స్కాన్ పూర్తిగా నడిపాం. పాస్‌వర్డులన్నీ నా ఫోను నుంచి మార్చాం. ఇక మరమ్మతు సంగతి. మీరూ ఇదే వరస పాటించవచ్చు.

మొదటిది, బ్యాకప్. ఫొటోలు, పాటలు, పత్రాలు బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించాం. ఎవరైనా "ఫార్మాట్ చేసేద్దాం" అంటే, ఈ పని అయ్యిందా అని ముందు అడగండి. రోజు ముగింపు బ్యాకప్ తీయకుండా బ్రాంచి తలుపు వేయని కాలం మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో మాత్రం ఆ అలవాటు మనలో చాలామందికి లేదు.

రెండోది, రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే చాలదా అని మావయ్యగారు అడిగారు. చాలదు. చాలా కంప్యూటర్లలో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటుంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని కొంత దాచిపెట్టుకుని, మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటి నుంచి లేస్తుంది. చాలా చిన్న చిక్కులు ఇక్కడే విడిపోతాయి. మాది విడిపోలేదు.

మూడోది, రీసెట్. సెట్టింగ్స్‌ను యాప్‌లాగే రీసెట్ చేయవచ్చు. స్టార్ట్ మెనూలో దాని పేరు మీద కుడి బటన్ నొక్కితే యాప్ సెట్టింగ్స్ అని కనబడుతుంది. కానీ ఆ పేజీ కూడా సెట్టింగ్స్‌లోనే తెరుచుకుంటుంది! బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. తెరుచుకుంటే అదృష్టం. మాకు తెరుచుకోలేదు.

నాలుగోది, జబ్బు ఎక్కడుందో తేల్చుకోవడం. ఇది మావయ్యగారికి బాగా నచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'నెట్ యూజర్' ఆదేశంతో ఇంకో యూజర్ ఖాతా సృష్టించి, దానితో లోపలికి వెళ్ళాం. కొత్త ఖాతాలో సెట్టింగ్స్ సరిగ్గా తెరుచుకుంటే విండోస్ బాగానే ఉంది, పాత ఖాతా ప్రొఫైల్ చెడిందని అర్థం. అప్పుడు ఫైళ్ళు కొత్త ఖాతాలోకి మార్చుకుంటే సరిపోతుంది. కొత్త ఖాతాలోనూ మూసుకుపోతే చెడింది విండోస్ ఫైళ్ళే అనుకోవాలి. మాది రెండో కేసు.

ఐదోది, ఆ ఫైళ్ళ మరమ్మతు. దీనికి నెట్ కావాలి. స్కాన్‌లో ఏమీ లేదని తేలాకే రౌటర్ ఆన్ చేశాం. రెండు ఆదేశాలు, ఈ వరసలోనే ఇవ్వాలి. మొదట 'డిస్మ్' ఆదేశం, రీస్టోర్ హెల్త్ అనే మాటతో. అది విండోస్ అప్‌డేట్ నుంచి మంచి ఫైళ్ళు తెచ్చి స్టోరు సరిచేస్తుంది. తరవాత 'ఎస్‌ఎఫ్‌సి' ఆదేశం, స్కాన్‌నౌ అనే మాటతో. అది ఆ స్టోరులోని మంచి ప్రతితో పోల్చి చెడిన ఫైళ్ళను మారుస్తుంది. ఈ ఆదేశాల పూర్తి అక్షరాలు ఒక కాగితం మీద రాసి తెచ్చాను, వెళ్ళేటప్పుడు తీసుకోండి. మధ్యలో శాతం కదలకుండా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి ఆపేయకండి. మాకు రెండూ కలిపి గంట పట్టింది. చెడిన ఫైళ్ళు దొరికాయని, సరిచేశామని సందేశం వచ్చింది. రీస్టార్ట్ చేశాక సెట్టింగ్స్ తెరుచుకుని నిలబడింది.

అది కూడా కుదరకపోతే ఫైళ్ళు అలాగే ఉంచి విండోస్ మళ్ళీ వేసుకునే మార్గం ఉంది. ఫార్మాట్ అన్నిటికన్నా చివరిది.

ఇక అసలు కారణం. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైపు చేస్తే రిలయబిలిటీ మానిటర్ వస్తుంది. కంప్యూటరుకు అది పాస్‌బుక్ లాంటిది. ఏ రోజు ఏ అప్‌డేట్ పడింది, ఏ రోజు ఏ ప్రోగ్రాం కుప్పకూలింది తేదీలవారీగా ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. మొదటి ఎర్ర గుర్తు ఉన్న తేదీ చూసి నేను నాలుక కరుచుకున్నాను. ఆ ఉదయం అప్‌డేట్ నడుస్తుండగా, ఆఫీసుకు ఆలస్యమవుతోందని పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసింది నేనే. మావయ్యగారు ఆ తేదీ చూశారు, నన్ను చూశారు. "లెక్కలో తప్పు ఎక్కడుందో దొరికిందిగా, ఇక పర్వాలేదు" అన్నారు.

మిత్రులారా, మన వృత్తిలో మేకర్, చెకర్ వేరువేరుగా ఉంటారు. ఒకరు చేసింది ఇంకొకరు చూడందే డబ్బు కదలదు. ఇంట్లో కూడా అదే నియమం పెట్టుకుందాం. పెద్దవాళ్ళు కంప్యూటరులో ఏదైనా చెడిందంటే ఆదివారం దాకా ఆగమనకండి. మనం ఆపితే ఆ ఖాళీలో ఇంకెవడో దూరతాడు. మా ఇంట్లో జరిగింది అదే. పెద్దలకూ ఒక మనవి. అడగడానికి మొహమాటపడకండి. ఎంత మర్యాదగా మాట్లాడినా, తెలియనివాడికి స్క్రీన్ ఇవ్వకండి.

పొరపాటున ఇచ్చేస్తే ముందు నెట్ ఆపండి. వెంటనే బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే నష్టం మనకే. ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పడం వల్ల పోయిన డబ్బు, బ్యాంకుకు తెలిపేదాకా ఆయన మీదే పడుతుందని రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో చెప్పింది. తెలిపిన తరవాత జరిగే నష్టం బ్యాంకుదని కూడా అందులో చెప్పింది. అందుకే ఆ ఫోను ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. దాని సంగతి పిల్లల చేత ఈ వారమే చూపించుకోండి.

మావయ్యగారు ఇప్పుడు కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. ఏం మార్చారో తేదీతో రాస్తారు. శనివారం సాయంత్రం బ్యాకప్ తీసి "చెకర్ సంతకం" అంటూ నా ముందు పెడతారు. ఆలస్యంగా వచ్చినా, ఎంత అలసిపోయినా చూసి సంతకం పెడుతున్నాను.