ఏటా ఒక కొత్త బొమ్మ

సంక్రాంతి పండగ మూడు రోజులూ ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. భోగిమంటలు, గొబ్బెమ్మలు, కనుమ నాటి గారెలు మీ ఇళ్లలో జరిగేవే. ఒక్క మాట మాత్రం సరిచేసి ముందుకు వెళ్తాను. మిగతా పండగల తేదీలు మారినా సంక్రాంతి జనవరి 14ను దాటదని చాలామంది నమ్మకం. అదీ జరుగుతుంది, మెల్లగా. స్వామి వివేకానంద పుట్టింది మకర సంక్రాంతి నాడే. ఆ తేదీ 1863 జనవరి 12! పంచాంగం లెక్కించే సౌర సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే దాదాపు 20 నిమిషాలు పెద్దది. అవి పోగుపడితే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. అందుకే ఈమధ్య కొన్నేళ్లు 15న చేసుకుంటున్నాం.

ఇక నాకు ప్రాణమైన బొమ్మల కొలువు దగ్గరికి వస్తాను. కొలువంటే దసరాకే, అదీ తమిళుల ఆచారమే అనుకునేవాళ్లున్నారు. తమిళనాట, మైసూరు వైపు దసరాకి పెడతారు, నిజమే. మన కోస్తా జిల్లాల్లో మాత్రం చాలా ఇళ్లలో సంక్రాంతికే కొలువు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా చేరాలి. నన్ను కట్టిపడేసేది ఈ రెండో నియమమే. ఆచారం మారకూడదని మనం పట్టుబడతాం గానీ, ఈ ఆచారంలో మార్పే నియమం.

మా అమ్మమ్మ కొలువులో పై మెట్టు దశావతారాలది. కింద గాంధీతాత, కూరగాయలమ్మి, కొండపల్లి తాటిచెట్టు. చెట్టెక్కిన గీత కార్మికుడి నడుముకు వేలాడే కుండ చిటికెనవేలి గోరంత ఉండేది. ఒక ఏడు తమ్ముడు దాచుకున్న డబ్బుతో ప్లాస్టిక్ రైలు కొనుక్కొచ్చాడు. దేవుళ్ల దగ్గర ఇదేమిటని అత్తయ్య అభ్యంతరం చెప్పింది. “వాడు ముచ్చటపడి తెచ్చాడే, ఉండనీ” అని అమ్మమ్మ రైలును తాటిచెట్టు పక్కనే పెట్టించింది.

ఆ తాటిచెట్టు వెనక ఎంత పనితనమో! కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర వాడతారు. బెండులా తేలిక. సన్నని సెగ మీద తేమ పోగొట్టి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సుద్ద పూసి, ఆరాక రంగులు దిద్దుతారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో పని వేరు. అక్కడ అంకుడు కర్ర. మర మీద గిరగిరా తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను అదిమితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆడపిల్లలు బువ్వలాట ఆడుకున్న లక్కపిడతల నునుపు అలా వచ్చిందే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కొలువుల తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. బొమ్మల పెట్టె ఒక్కరి వాటాకే వెళ్లింది. అపార్టుమెంట్లలో పుస్తకాల అలమరాలే మెట్లయ్యాయి. పేరంటం పిలుపులు వాట్సాప్‌లో వస్తున్నాయి. అమెరికాలో మనవాళ్లకు పండగ సెలవుండదు కనుక కొలువూ, భోగిపళ్లూ శని, ఆదివారాలకు జరుగుతాయి. రేగిపళ్లు దొరక్కపోతే చాక్లెట్లు పోస్తారు. ఇందులో నాకు తప్పేమీ కనబడదు. బాధల్లా ఒక్కటే. కొలువు మొత్తాన్నీ ఒకేసారి సెట్టుగా కొని తెచ్చి పేర్చేస్తే, ఏ బొమ్మను ఎవరు ఎప్పుడు తెచ్చారన్న మాట ఆ ఇంట్లో పుట్టదు.

అందుకని ఒక మనవి. ఈ ఏడు ఒక్క బొమ్మే కొనండి, వీలైతే కొండపల్లిదో ఏటికొప్పాకదో. పాత బొమ్మలను పెట్టెలో సర్దేటప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో కాక పాత నూలు చీర ముక్కల్లో చుట్టండి. చెమ్మ తగిలితే రంగు పెచ్చులూడుతుంది. ఒక్కో బొమ్మ ఎవరిదో, ఎక్కడిదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, చీటీ మీద రాసి, దాంతో పాటే పెట్టెలో పెట్టండి.