కాలిన పుండుకు పథ్యం కాదు, పుష్టి కావాలి



మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇళ్లలో ఎవరికైనా ఒళ్లు కాలిందంటే ఇరుగుపొరుగు ముందుగా చెప్పే మాట పథ్యం. "పప్పు పెట్టొద్దమ్మా, చీము పడుతుంది. గుడ్డు అసలే వద్దు" అంటారు. చెప్పేది మన మేలు కోరే పెద్దవాళ్లే. అయినా ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వింటే రోగికి చేటు. ఎందుకో మనవి చేస్తాను.

చర్మం మన ఒంటికి కోటగోడ. అది కాలిందంటే ఒంట్లోని నీరూ, దాంతోపాటు మాంసకృత్తులూ బయటికి కారిపోతాయి. క్రిములకు దారి దొరుకుతుంది. వాటితో పోరాడే శక్తికీ, కొత్త చర్మం పుట్టడానికీ మాంసకృత్తులే ఆధారం. 50 కిలోల మనిషికి మామూలుగా రోజుకు 40 గ్రాములు చాలు. బాగా కాలినవారికి 75 నుంచి 100 గ్రాముల దాకా కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! మరి చారన్నంతో సరిపెడితే ఎలాగండీ? చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు.

ఇక కడుపు సంగతి. బాగా కాలినవారికి చిన్నపేగు మొదట్లో పుండ్లు పడతాయని 1842లో లండన్ వైద్యుడు కర్లింగ్ రాశాడు. వాటికి ఆయన పేరే నిలిచింది. ఒళ్లు కాలితే కడుపులో పుండేమిటి అంటారేమో. పెద్ద గాయమైనప్పుడు రక్తం గుండెకు, మెదడుకు మళ్లుతుంది, పేగులకు తగ్గుతుంది. లోపల కాపాడే జిగురుపొర పలచబడి, మన కడుపులోని ఆమ్లమే మన గోడను తినేస్తుంది. చిన్న చిన్న చురకలకు ఈ భయం లేదు.

అందుకే ఆసుపత్రుల్లో వీలైతే తొలిరోజే, ముక్కు గొట్టం ద్వారానైనా, ఆహారం మొదలుపెడతారు. ఆమ్లం తగ్గించే మందూ ఇస్తారు. అన్నం పడిన పేగుకు రక్తం అందుతుంది, అందులోని క్రిములు రక్తంలోకి దాటకుండా గోడ గట్టిగా నిలుస్తుంది.

ఇంటికొచ్చాక మన పని. రెండేసి గంటలకు కొద్దికొద్దిగా పెట్టండి. పాలు, మజ్జిగ, ముద్దపప్పు, గుడ్డు, సంగటిలోకి వేరుశెనగ పొడి, తినేవారికి చేప, కోడి. ఉసిరి, జామ కూడా మంచివి. కారం మన సీమవాళ్లకు ప్రాణమే, కడుపు మండితే మాత్రం కొన్నాళ్లు తగ్గించండి. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి. నొప్పి బిళ్లలు సొంతంగా కొని మింగించకండి, అవి కడుపును గాయపరుస్తాయి. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతి కాఫీపొడి రంగులో వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాలిన వెంటనే 20 నిమిషాలు పారే చల్లని నీళ్లు పొయ్యండి. సిరా, పేడ, పేస్టు పూయవద్దు. పెద్దగా కాలితే 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు కూడా పొయ్యకండి. చూడవచ్చేవారిని ముందు చేతులు కడుక్కోమనండి, మొహమాటపడకండి.

పథ్యం పెట్టి ప్రేమ చూపించే అలవాటు మనది. ఇకమీదట పళ్లెం నింపి చూపిద్దాం. సెలవు.