చదువు పూర్తయ్యేదాకా



దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు వెళ్తే చైతన్యపురి తర్వాత ‘విక్టోరియా మెమోరియల్’ స్టేషన్ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1901లో కన్నుమూసిన విక్టోరియా రాణి స్మారకంగా, సరూర్‌నగర్‌లోని నిజాం భవనంలో అనాథ పిల్లల కోసం ఏర్పడిన వసతి గృహం పేరు అది. ఆ గృహం మన నోట వీఎం హోం. నూరేళ్లకు పైగా తల్లిదండ్రులు లేని పిల్లలకు నీడనిచ్చిన పేట మనది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారన్నదే ఈరోజు నా మాట.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం పిల్లలను పద్దెనిమిదేళ్ల దాకా కాపాడుతుంది. ఆపై ‘ఆఫ్టర్ కేర్’ పేరుతో సాయం ఇరవై ఒకటి దాకా, ప్రత్యేక సందర్భాల్లో ఇరవై మూడు దాకా. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఎనిమిదో తొమ్మిదో ఏట రైల్వే ప్లాట్‌ఫారం మీద దొరికిన పిల్లవాడు అక్షరాలు దిద్దడం అప్పుడే మొదలుపెడతాడు. పద్దెనిమిది నిండేసరికి ఇంటర్ కూడా పూర్తికాదు. డిగ్రీ మధ్యలో ఉండగానే సాయం గడువు తీరిపోతుంది. వయసును చూసి ఆపే సాయం చదువును ఎలా నిలబెడుతుంది? పుట్టినతేదీని పక్కనపెట్టి, కోర్సు ముగిసేదాకా ఇవ్వాలి. వయసుకే గడువు పెట్టినా, ఇంగ్లండ్‌లో సంరక్షణలో పెరిగినవారికి స్థానిక ప్రభుత్వ సలహాదారు అండ ఇరవై అయిదేళ్ల దాకా అందుతుంది.

ఆఫ్టర్ కేర్‌లో ఉన్నవారికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. మన దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మంచానికీ భోజనానికీ కట్టాక అందులో పుస్తకానికి ఏం మిగులుతుంది? ఇక కోచింగ్ ఫీజు మాటెందుకు!

కాలేజీ సీటు దగ్గర మరో చిక్కు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఏ ఆదరువూ లేక ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమంలో చేరిన పిల్లలను ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో బీసీ-ఎ రిజర్వేషన్ జాబితాలో చేర్చారు. మంచి నిర్ణయం. అయితే పదకొండో ఏట అమ్మ పోయిన పిల్లకు అది వర్తించదు. తండ్రి బతికుండీ పట్టించుకోని పిల్లకూ అంతే. ఆశ్రమాల్లో ఇలాంటివారు ఎందరో. ఆదాయ ధ్రువపత్రం ఎవరి పేరున తేవాలో తెలియక అప్లికేషన్ దగ్గరే ఆగిపోయే పిల్లలను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అన్నిటికన్నా కష్టం సెలవులు. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అవుతుంది, అందరూ ఊళ్లకు బయల్దేరుతారు. ఊరే లేని పిల్ల ఎక్కడికి వెళ్తుంది?

జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనల్లోనే దీనికి దారి ఉంది: ఆరు నుంచి ఎనిమిది మంది యువతకు కలిసి ఉండే ఇల్లు, పైచదువుకు స్కాలర్‌షిప్. కొత్తపేటలోనో గడ్డిఅన్నారంలోనో పండక్కి తాళం పడని ఇల్లు ఒకటి కావాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగంతో మాట్లాడే పని నేను చూస్తాను. ఇళ్లు అద్దెకిచ్చేవారు, కోచింగ్ సెంటర్లు నడిపేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. సభ ముగిశాక దయచేసి వెళ్లిపోకండి, మీతో పని ఉంది.