విమర్శకు సమాధానము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వము చేయు పనులను ప్రజలకు తెలియజెప్పుట మా వృత్తి. కావున ప్రభుత్వమును పత్రికలు విమర్శించినపుడు ముందుగా నొచ్చుకొనువారము మేమే. అట్టి విమర్శను ఎట్లు స్వీకరింపవలెనో తెలుపు ఒక ఉదంతమును నేడు మీకు మనవి చేయుదుము.

2008 మే 2వ తేదీన నర్గీస్ అను తుపాను బర్మా దేశపు ఐరావతీ డెల్టాను తాకినది. పూర్వము మన తీరపు జిల్లాలవారు కూలికై ఓడలెక్కి పోయిన 'రంగము', అనగా రంగూన్ నగరము, ఆ సమీపముననే కలదు. సముద్రము పొంగి పల్లెలపై పడినది. మృతులు, గల్లంతైనవారు కలిసి సుమారు 1,38,000 మంది. మన దేశపు వాతావరణ శాఖ రెండు దినములు ముందుగనే ఆ దేశమును హెచ్చరించియుండెను. కాని ఆ హెచ్చరిక పల్లెలకు చేరవలసినట్లు చేరలేదు.

ఆనాటి సైనిక ప్రభుత్వము విదేశీ సహాయకులకు వీసాలిచ్చుటలో జాప్యము చేసినది, విలేకరులను రానీయలేదు. ఇంతలో మే 10న, ఎక్కువగా దెబ్బతినని ప్రాంతములలో, రాజ్యాంగముపై ఓటింగు జరిపినది. విదేశీ పత్రికలు దీనిని తీవ్రముగా గర్హించినవి. అందుకు అచటి ప్రభుత్వ పత్రిక ఇచ్చిన సమాధానమేమి? విదేశీయుల చాక్లెట్లు లేకున్నను డెల్టా ప్రజలు చేపలు, కప్పలు పట్టుకొని బ్రతుకగలరని! అది చదివి, అదే వృత్తిలోనున్న మేము సిగ్గుపడితిమి.

పత్రికల మాటలన్నియు సబబైనవని మేము చెప్పము. అనుమతి లేకున్నను బలవంతముగా సహాయము దింపవలెనని వాదించిన విదేశీయులును ఉండిరి. అట్టి మాట ఏ ప్రభుత్వమునకైనను అనుమానము కలిగించునదే. అయినను ఆకలి గొన్నవానికి ఆ వాదముతో పని లేదు.

మే 23న ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ సైనిక నాయకుడు థాన్ ష్వేను కలిసిన పిదపనే సహాయకులను అనుమతించుటకు అంగీకారము కుదిరినది. అప్పటికి మూడు వారములు గడచినవి. అటుపై ఆగ్నేయాసియా దేశముల కూటమి, సమితి, బర్మా ప్రభుత్వము కలిసి పనిచేసినవి. తలుపు తెరచినందున ఆ దేశపు పరువు పోలేదు, మూసినందుననే పోయినది.

మీ గ్రామమున వరద వచ్చినపుడు, ఫలానా వాడకు బియ్యము అందలేదట యని విలేకరి అడుగవచ్చును. కోపింపకుడు. వెంటనే ఆ వాడకు పోయి చూడుడు. అందియున్నచో పంపిణీ పట్టిక చూపుడు. అందకున్నచో ముందు బియ్యము పంపుడు, పిమ్మట సమాధానము చెప్పుడు.