లెక్కల యంత్రము లేదన్నప్పుడు



మీలో పలువురు ఎప్పుడో ఒకప్పుడు ఏదో యొక కార్యాలయమునకు పోయి, కిటికీ ముందు నిలిచి, “తాతగారూ, మీ నంబరు కంప్యూటరులో లేదు” అను మాట వినియే యుందురు. చేతిలో పాసుపుస్తకమున్నది, పైకము కట్టిన రసీదున్నది, అయినను యంత్రము లేదనుచున్నది. ఆ మాటకు బదులు చెప్పుట తెలియక ఎందఱో ఇంటిదారి పట్టుదురు. యంత్రము లేదన్నంత మాత్రమున లేనట్లు కాదు. ఈ సత్యమును నేను నేర్చుకొన్న విధమును నేడు మీకు విన్నవించెదను. అది నా పొరపాటు వలన నేర్చుకొన్నదని ముందుగనే చెప్పుకొనుట మర్యాద.

హైదరాబాదు నగరము నడుమ అమీరుపేట కలదు. అచ్చటి మైత్రీవనము చుట్టునుగల సందులలో ఏ మేడను చూచినను కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయముల పలకలే కానవచ్చును. మన పల్లెలనుండి వచ్చిన పిల్లలు ఇఱుకు గదులలో కాపురముండి, కొన్ని నెలలలో ఆ విద్య నేర్చి ఉద్యోగములకు పోవుదురు. మీ మనుమలలో ఎవరో ఒకరు అచ్చట చదివియే యుందురు. నేనును అట్లు వచ్చినవాడనే. దానికి చేరువనే పంజాగుట్ట. నిమ్స్ ఆసుపత్రికి వచ్చినవారు ఆ చోటు నెఱుగుదురు. అచ్చట ఒక పొదుపు సంఘపు కార్యాలయమున 2019వ సంవత్సరమున నేను డేటాబేసును కాపాడు పనిలో నుంటిని.

డేటాబేసనగా మఱేమియు కాదు, కరణముగారి దఫ్తరము వంటిది. దానిని భద్రపఱచి, అడిగినవారికి తీసి చూపు యంత్రమును సర్వరందురు. పూర్వము కరణముగారు ఒక రైతు ఖాతా కొఱకు కట్టలన్నియు విప్పువారు కారు. ఎవరి ఖాతా ఏ పుటలో నున్నదో తెలుపు సూచిక పట్టిక యొకటి చేత నుండిన చాలును. సర్వరునకును అట్టి సూచిక కలదు. లక్షల ఖాతాలలో ఒకదానిని రెప్పపాటున తీయుట దాని మూలముననే.

తాటాకు టింటిని అప్పుడప్పుడు తిరుగ నేయింపకున్న వాన కుఱియును. అట్లే యంత్రమునకు గూడ అప్పుడప్పుడు క్రొత్త కూర్పు వేయవలయును. లేకున్న దొంగలు చొఱబడు కన్నములు మిగిలిపోవును. దీనినే అప్‌గ్రేడందురు. మేము ఒక శనివారము రాత్రి మా సర్వరునకు ఆధారమైన లినక్సు అను వ్యవస్థకు క్రొత్త కూర్పు వేసితిమి. ఆదివారమున ఖాతాల సంఖ్యను లెక్కించితిమి, సరిపోయినది. పైకపు మొత్తమును కూడితిమి, అదియును సరిపోయినది. నిశ్చింతగా నిదురించితిమి.

సోమవారము ప్రొద్దుననే గుమాస్తాలు పిలువ మొదలిడిరి. కొన్ని ఖాతాలు దొరకుచున్నవి, కొన్ని దొరకుట లేదు. అన్నియు పోయినయెడల వెంటనే మేలుకొని యుందుము. కొన్నియే పోవుటచే, నంబరు తప్పు చెప్పుచున్నారని తలచితిమి. ఆ దినముననే ఒక వృద్ధురాలు, పెనిమిటి శస్త్రచికిత్సకై తాను దాచుకొన్న సొమ్ము తీసికొనుటకు వచ్చినది. గుమాస్తా నన్ను ఫోనులో అడుగగా, “యంత్రములో లేనిచో లేదనియే చెప్పుము” అంటిని. ఆమె మెట్లమీద కూర్చుండిపోయినదట.

మధ్యాహ్నమునకు ఇంకొక సంగతి తెలిసినది. ఖాతా దొరకని కొందఱికి గుమాస్తాలు మంచి మనసుతోనే అదే నంబరుతో క్రొత్త ఖాతా తెఱచిరి. ఒక నంబరు రెండుమారులు వ్రాయబడకుండ యంత్రము అడ్డుపడవలయును గదా! అదియును ఆ సూచికనే చూచి, అట్టి నంబరు లేదనుకొని ఒప్పుకొన్నది. ఒక మనిషికి రెండు ఖాతాలైనవి.

అప్పుడు మా పెద్ద యుద్యోగి నన్ను రెండు ప్రశ్నలడిగెను. “నిన్నటికిని మొన్నటికిని నడుమ మారినదేమి? పోయినదనుచున్నది నిజముగా పోయినదా, దొరకుట లేదా?” ఈ రెండవ ప్రశ్న నాకు తోచియుండలేదు. వెంటనే సూచికను ప్రక్కకు నెట్టి, మొదటి ఖాతానుండి కడపటి ఖాతా వఱకు వరుసగా చదువుమని సర్వరునకు ఆజ్ఞ యిచ్చితిమి. పని నెమ్మదిగా సాగినది గాని, ఆ వృద్ధురాలి ఖాతా పైసాతో సహా బయటపడినది. దఫ్తరము చెడలేదు, సూచిక చెడినది.

సూచిక ఎట్లు చెడినది? మా ఖాతా నంబరున ముందు గ్రామపు సంఖ్య, నడుమ అడ్డగీత, తరువాత సభ్యుని సంఖ్య యుండును. మీ యింటి నంబరుల వంటివే. పదునొకండవ గ్రామపు మొదటి సభ్యురాలు 11-1. మొదటి గ్రామపు పండ్రెండవ సభ్యుడు 1-12. ఈ రెంటిలో ఏది ముందు? పాత నియమము అడ్డగీతను లెక్కింపదు. కావున 111 ముందు, 112 వెనుక. క్రొత్త నియమము అడ్డగీతను గూడ ఒక గుర్తుగా నెంచి అంకెలకు ముందు నిలుపును. కావున 1-12 ముందు, 11-1 వెనుక. వరుస తలక్రిందులైనది. 2018వ సంవత్సరము ఆగస్టున వెలువడిన జీలిబ్‌సీ 2.28 అను లినక్సు మూలగ్రంథాలయపు కూర్పున ఈ వరుస నియమములు మారినవి. మా పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఆ నియమములనే నమ్ముకొన్నది. సూచికను వ్రాసినది పాత వరుస చొప్పున. వెదకుట క్రొత్త వరుస చొప్పున.

నిఘంటువు చూచినవారికిది సులభముగా బోధపడును. మనము అక్షరమాలలో ‘క్ష’ను చివర చదువుదుము, నిఘంటువులలో అది ‘క’ క్రింద నుండును. ‘క్షేమము’ను చివరి పుటలలో వెదకువాడు, ఆ మాటయే పుస్తకమున లేదనును. మాట ఉన్నది, వెదకిన చోటు వేఱు.

ముందుగా దఫ్తరమునకు మఱియొక ప్రతి తీసి దాచితిమి. తరువాత సూచికను పాఱవైచి క్రొత్తగా వ్రాయింపబోగా, ఒకే నంబరుపై రెండు ఖాతాలున్నంత వఱకు యంత్రము సమ్మతింపలేదు. రసీదులు చూచి, వానిని ఒక్కొక్కటిగా కలిపితిమి. మంగళవారము తెల్లవాఱుసరికి పని ముగిసినది. నేనే పోయి ఆ వృద్ధురాలికి సొమ్ము చేతి కిచ్చి క్షమింపుమంటిని. “కట్టినది నాకెరుకే బిడ్డా. మీ పెట్టెకు ఎరుక లేకపోతే నా తప్పా?” అని మాత్రమామె యనెను. నేడు నేను అమీరుపేటలో పిల్లలకు పాఠము చెప్పునపుడు మొదట చెప్పునది ఆ మాటయే. లెక్కించి చూచుట చాలదు, వెదకి చూడవలయును.

ఇది చిన్న సంఘములకే సంభవించునది కాదు. బ్రిటనులో టీఎస్‌బీ అను బ్యాంకు 2018వ సంవత్సరము ఏప్రిలున తన ఖాతాలను క్రొత్త వ్యవస్థలోనికి మార్చినది. ఖాతాల వివరములు క్షేమముగనే చేరినవి. కాని వ్యవస్థ తడబడి, 19 లక్షల వఱకు ఖాతాదారులు తమ సొమ్మును చేరజాలకపోయిరి. 2022వ సంవత్సరము డిసెంబరున ఆ బ్యాంకునకు 4 కోట్ల 86 లక్షల పౌనులకు పైబడిన జరిమానా పడినది. ధాన్యము గాదెలో నున్నను, తలుపు తెఱచుకొననిచో ఆకలి తీఱదు గదా!

కావున మీకు నా మనవి. పాసుపుస్తకమును, రసీదులను పాతబడినవని పాఱవేయకుడు. మా దఫ్తరమును సరిదిద్దినవి అవియే. నంబరుతో దొరకనిచో, పేరుతోనో సొమ్ము కట్టిన తేదీతోనో వెదకుమని అడుగుడు. ఈ మధ్య యంత్రమున ఏమైన మార్చితిరా యని గూడ అడుగుడు; అది గుమాస్తాను నిందించుట కాదు, అతనికి దారి చూపుట. పాత ఖాతా సంగతి తేలకుండ క్రొత్త ఖాతాకు తొందరపడి ఒప్పుకొనకుడు. ఏమియు తేలనిచో, మీరు వచ్చిన తేదీని, వారు చెప్పిన సమాధానమును కాగితముపై వ్రాయించుకొనుడు.

యంత్రము అబద్ధమాడదు, తనకు చెప్పిన చోట వెదకి, కనబడనిచో లేదనును. మఱియొక చోట వెదకుమని చెప్పవలసినవాడు మనుష్యుడు. ఇక సెలవు.